పత్తి సాగు సుస్థిరతను దేనితో కొలవాలి? ఆదోని వైపు రైతు సంఘాలకు ఒక పోలిక

ఒకే గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు సేన్లతో మొదలుపెడతాను. ఇటు పక్కది మాది. ఎర్రనేల, వానే ఆధారం. అటు పక్కది మా చిన్నాయనది. ఆయనకు బోరు ఉంది, డ్రిప్పు ఉంది. కాలం బాగున్న ఏడు మాకు ఎకరాకు 5 క్వింటాళ్ల పత్తి వస్తే ఆయనకు 12 వస్తుంది. ఈ రెండిట్లో ఏది సుస్థిరమైన సాగు అని ఒక కొనుగోలుదారు తరఫున వచ్చినవాళ్లు ఒకసారి అడిగారు. వాళ్ల చేతిలో ఉన్న కొలబద్ద ఒకటే: కిలో దూదికి ఎన్ని లీటర్ల నీళ్లు పట్టాయి?

ఆ లెక్క మీరూ వేసి చూడండి. ఎకరా నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. పంట కాలంలో పైరు 400 మిల్లీమీటర్ల వాన తాగిందనుకుంటే 16 లక్షల లీటర్ల పైమాట. 5 క్వింటాళ్ల పత్తిని జిన్నింగు పట్టిస్తే, అంటే గింజ తీయిస్తే, నూటికి 34 వంతున 170 కిలోల దూది వస్తుంది. సరిగ్గా ఒక బేలు. భాగించి చూస్తే కిలోకు దాదాపు 9,500 లీటర్లు. చిన్నాయన సేనికి అదే 400 మిల్లీమీటర్ల వాన, దాని మీద ఇంకో 200 మిల్లీమీటర్ల బోరు నీళ్లు, మొత్తం 24 లక్షల లీటర్లు. దూది 408 కిలోలు. కిలోకు 6,000 లీటర్లకు కాస్త తక్కువే. వాన తప్పిన ఏడు మా సేను 300 మిల్లీమీటర్లే తాగి రెండున్నర క్వింటాళ్లే ఇచ్చిందనుకోండి, మా లెక్క 14,000 లీటర్లు దాటిపోతుంది.

అంటే భూమిలోంచి చుక్క నీరు తోడని మేము నీళ్లు ఎక్కువ వాడేవాళ్లం అయ్యాం. కిలో దూదికి దాదాపు 2,000 లీటర్ల బోరు నీళ్లు తోడిన సేను పొదుపు సేను అయింది. చిన్నాయన తప్పు చేస్తున్నాడని నేననడం లేదు. ఆయన డ్రిప్పు పెట్టి నీళ్లు జాగ్రత్తగానే వాడుతున్నాడు. తప్పు కొలతది. మా మీద పడే వాన మేం పత్తి వేయకపోయినా పడేదే. జొన్న వేసినా, బీడు పెట్టినా ఆ నేల దాన్ని తాగేదే.

భారతదేశంలో కిలో పత్తి బట్టకు 22,500 లీటర్ల నీరు, ప్రపంచ సగటు 10,000 అని వాటర్ ఫుట్‌ప్రింట్ నెట్‌వర్క్ అనే సంస్థ వేసిన అంకెలు మీరు చాలాచోట్ల చదివే ఉంటారు. అవి అబద్ధం కావు. కానీ వాటిలో మూడు రకాల నీళ్లు కలిసి ఉన్నాయి. వాన నీరు, తోడిన నీరు, ఎరువులూ మందులూ కలిసి చెడిన నీటిని పలచబరచడానికి కావాల్సిన నీరు. మూడూ ఒకే మొత్తంలో పడితే, దిగుబడి తక్కువగా ఉండే మెట్ట రైతు ఎప్పుడూ దోషిగానే కనిపిస్తాడు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పత్తి ఎక్కువగా మెట్టదే. కాబట్టి కొలబద్దను ఎంచుకోవడం మనకు చిన్న విషయం కాదు. నలభై మంది రైతుల లెక్కలు రాసే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. మన ముందున్న దారుల్లో ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎక్కడ మోసపుచ్చుతుందో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు సొంత పుస్తకం

ఏ పథకంలో చేరినా చేరకపోయినా మొదటి దారి ఇదే అంటాను. పెద్ద సంస్థలు ఈ పనికి చట్రాలు తయారుచేశాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ పత్తి సలహా సంఘం కలిసి 2015లో పత్తి సాగు సుస్థిరతను కొలవడానికి 68 సూచికలు ప్రతిపాదించాయి. పర్యావరణం, సమాజం, ఆదాయం అని మూడు వైపుల నుంచీ చూశారు. ఆలోచన చాలా మంచిది. కానీ 68 గడులు ఏ రైతు నింపుతాడు? తర్వాత బెటర్ కాటన్ వంటి సంస్థలతో కలిసి డెల్టా అనే పేరుతో దాన్ని 15కు కుదించారు. ఆ పదిహేనులో మనం బడి నోటుపుస్తకంలో రాసుకోగలిగినవి ఏడెనిమిది ఉన్నాయి. అవి చాలు.

డబ్బుతో మొదలుపెట్టండి. ఎకరాకు చేతి నుంచి పోయింది ఎంత, చేతికి వచ్చింది ఎంత. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మద్దతు ధరతో లెక్క కట్టడం. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, మధ్యరకానికి 7,710. కానీ మద్దతు ధరకు కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) వాళ్లు తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర ఇస్తారు. 12 దాటితే కొనరు. తడి పత్తిని ఆదోని యార్డులో వచ్చిన ధరకే ఇచ్చేసి వచ్చిన రోజులు మనందరికీ తెలుసు. తరుగు, హమాలీ, బండి బాడుగ పోను జేబులోకి వచ్చిన రూపాయలే రాయాలి. ఇంకో వరుస తప్పకుండా ఉండాలి: పెట్టుబడిలో ఎంత అప్పు, ఏ వడ్డీకి. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. మందు డబ్బాలు, విత్తనాలు అప్పుగా ఇచ్చిన అంగడికే పంట తోలాల్సి వస్తే, నేల ఎంత బాగున్నా ఆ సాగు నిలబడదు. నా మటుకు నాకు ఇదే మొదటి సూచిక.

తర్వాత మందు. ఎన్నిసార్లు కొట్టామన్నది ఒక్కటే రాస్తే చాలదు. డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అంటే అతి తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. తేదీ, మందు పేరు, ఎంత, ఆ త్రికోణం రంగు, కొట్టింది ఎవరు. అయిదు గడులు, అంతే. చదువురానివాళ్లు కూడా రంగు పెన్సిలుతో చుక్క పెట్టగలరు. ఏడాది చివర పుస్తకం తెరిస్తే ఎన్ని ఎర్ర చుక్కలున్నాయో దూరం నుంచే కనిపిస్తుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మంది దాకా రైతులు, కూలీలు చనిపోయారు. నిలువెత్తు పెరిగిన పైరులో, ఉక్కపోతలో, ఒంటి మీద చొక్కా తప్ప మరేమీ లేకుండా కొట్టారు. మన సేన్లలోనూ కొట్టేది అలాగే. అందుకే కొట్టినవారికి ఆ రోజు తల తిరిగిందా, కళ్లు మండాయా అన్నది కూడా నేను రాయిస్తాను. ఎకరాకు ఎన్ని గ్రాముల మందు అని మాత్రమే అడిగే కొలతలు దీన్ని పట్టుకోలేవు. కొత్త మందులు కొన్ని గ్రాముల్లోనే పనిచేస్తాయి కాబట్టి గ్రాములు తగ్గినంత మాత్రాన విషం తగ్గినట్టు కాదు.

గులాబీ రంగు పురుగు సంగతి దీనికి ఆనుకునే ఉంది. కాయతొలిచే పురుగులను చంపే జన్యువు చేర్చిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చింది. ఇవాళ ఈ పురుగు రెండింటినీ తట్టుకుంటోంది. లింగాకర్షక బుట్టలో రాత్రికి 8 రెక్కల పురుగులు చొప్పున వరసగా మూడు రాత్రులు పడితేనో, పది పచ్చికాయలు కోసి చూస్తే ఒకదాంట్లో పురుగు కనిపిస్తేనో అప్పుడు మందు ఆలోచించాలి. బుట్టలో ఎన్ని పడ్డాయో రాసిన రైతు, గుడ్డిపూలు (పురుగు పట్టి విచ్చుకోని పూలు) ఎన్ని చూశాడో రాసిన రైతు, పక్కవాడు కొట్టాడని తనూ కొట్టడు. పత్తి కట్టె ఏ తేదీన పీకారో కూడా రాయండి. నీళ్లున్నాయి కదా అని ఫిబ్రవరి, మార్చి దాకా పైరు సాగదీస్తే పురుగును వచ్చే ఏటికి మనమే పెంచినట్టు. ఒక్క తేదీ రాస్తే చాలు, ఊరంతటికీ పనికొచ్చే సూచిక అది.

నీళ్లు కొలవడానికి మీటరు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము బోరు పైపు కింద పెట్టి ఫోనులో టైము చూడండి. 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000. మోటారు ఎన్ని గంటలు నడిచిందో గోడ మీద గీతలు పెట్టుకున్నా సరిపోతుంది. ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఊరుకోకూడదు. ఆగస్టులో 40 సెకన్లలో నిండిన డ్రమ్ము జనవరిలో 65 సెకన్లు తీసుకుంటే, బోరు సంగతి అదే చెబుతుంది. చిన్నాయన ఈ పని మొదలుపెట్టాక రెండో ఏడు ఎకరన్నర పత్తి తగ్గించి కొర్ర వేశాడు. నేను చెప్పలేదు, డ్రమ్ము చెప్పింది. తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్నవాళ్లకు ఈ లెక్క కష్టం. ఎన్ని తడులు ఇచ్చారో రాసుకుంటే చాలు.

నేల మాత్రం తొందరపడితే చెప్పదు. 2015లో మొదలైన భూసార పరీక్ష కార్డులో 12 అంశాలుంటాయి. వాటిలో సేంద్రియ కర్బనం ఒక్కటి పట్టుకోండి. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే బాగున్నట్టు. పశువులు లేని ఇళ్లు పెరిగాక, దిబ్బ ఎరువు తోలడం తగ్గాక, మన ఎర్రనేలల్లో అర శాతం దాటిన కార్డు నాకు అరుదుగానే కనిపించింది. మట్టి తీయడంలోనే చాలా తప్పులు జరుగుతాయి. గట్టు పక్కన, చెట్టు కింద, దిబ్బ వేసిన చోట తీయకూడదు. సేనులో అడ్డదిడ్డంగా పదిచోట్ల వీ ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, ఆ గుంట పక్క గోడ నుంచి పై నుంచి కింది దాకా సమంగా ఒక పొర గీకాలి. అన్నీ గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయాలి. అర కిలో మిగిలేదాకా అలాగే. మూడేళ్లకోసారి, అదే నెలలో, అవే చోట్ల తీస్తేనే పోలిక కుదురుతుంది. మేలో తీసిన మట్టిని పంట మీద తీసిన మట్టితో పోలిస్తే ఏమీ తేలదు.

కొనేవాళ్ల పథకం: బెటర్ కాటన్

2009 నుంచి ఉన్న సంస్థ ఇది. మన దేశంలో 2011 నుంచి పనిచేస్తోంది. రైతు రుసుము కట్టే పని లేదు. బీటీ విత్తనం వాడొచ్చు. ముప్పై నలభై మందిని ఒక బృందంగా చేసి, మందు జాగ్రత్తలు, నీళ్లు, నేల, బాలకార్మికులు లేకపోవడం వంటివి నేర్పి, ప్రతి రైతు చేతా పుస్తకం రాయిస్తారు. సంఘానికి ఇది సులువైన దారి. శిక్షణ నిజంగా పనికొస్తుంది.

చేరేముందు ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి. ఈ పద్ధతిలో చాలాకాలం మన దూది, మామూలు దూది మిల్లులో కలిసిపోయేవి. ఎంత బెటర్ కాటన్ కొన్నారో అంతకు సరిపడా కాగితం మీద లెక్క ముందుకు పోయేది. 2023 నవంబరు నుంచి దూది ఎక్కడిదో జాడ తెలిసే పద్ధతి కూడా తెచ్చారు. అయినా రైతుకు క్వింటాకు ఇంత ఎక్కువ ఇస్తామన్న హామీ ఈ పథకంలో లేదు. ధర కోసం చేరితే నిరాశే. ఖర్చు తగ్గించుకోవడానికీ, ఎర్ర చుక్కలు తగ్గించుకోవడానికీ చేరితే లాభం ఉంది.

ఇలాంటి కార్యక్రమాల్లో నేను కళ్లారా చూసిన ఒక లోపం చెప్పాలి. ఏ పథకమో, ఎవరో చెప్పను. తనిఖీకి వచ్చేవాళ్లు మరుసటి రోజు వస్తారనగా, మా పక్క ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద రైతుల పుస్తకాలన్నీ కుప్ప పోసి, ఒక కుర్రాడు రాత్రంతా కూర్చుని నింపాడు. ఒకే నీలి సిరా, ఒకే చేతిరాత. అందరూ ఒకే రోజున విత్తారు, అందరూ ఒకే రోజున అంతే వేపనూనె కొట్టారు. పొద్దున ఆ పుస్తకాల్లో మా నాయన పేరున్న పుస్తకం తెరిచి చూశాను. మేం ఆ ఏడు పత్తే వేయలేదు, ఆముదం వేశాం. ఆ కుర్రాణ్ని నేను తప్పుపట్టను. అతని జీతం నిండిన పుస్తకాలను బట్టి ఉంటుంది. కానీ ఆ అంకెలు ఎక్కడికో పోయి సగటుల్లో కలిసి, మా మండలం ఇంత మారిందని ఒక నివేదికలో కూర్చుంటాయి. అప్పటి నుంచి నా నియమం ఒకటే: పుస్తకం రైతు ఇంట్లోనే ఉండాలి. ఫోటో తీసుకుని పొమ్మనండి.

సేంద్రియ ధ్రువీకరణ

ధర కోసం చూసేవాళ్లు ఎక్కువగా ఇటే వస్తారు. రెండు రకాలున్నాయి. ఎగుమతికి కావాల్సింది ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) కింద, గుర్తింపు పొందిన సంస్థ వచ్చి తనిఖీ చేసి ఇచ్చే పత్రం. ఇరుగుపొరుగు రైతులే ఒకరి సేను ఒకరు చూసుకుని హామీ ఇచ్చేది పీజీఎస్. ఖర్చు దాదాపు ఉండదు, కానీ విదేశీ కొనుగోలుదారు దాన్ని ఒప్పుకోడు. సేంద్రియ పత్తి చివరికి ఎక్కువగా బట్టగా ఎగుమతి అయ్యేదే కాబట్టి పీజీఎస్ పత్తికి దారి ఇరుకు. కందికి, కొర్రకు, వేరుశనగకు అది బాగా సరిపోతుంది.

ఎన్‌పీఓపీలో పత్తికి రెండేళ్ల మార్పిడి కాలం. ఆ రెండేళ్లూ దిగుబడి తగ్గొచ్చు, ధర మాత్రం మామూలుదే. ఆ కాలాన్ని ఎవరు భరిస్తారన్నది మొదటి ప్రశ్న. రెండోది విత్తనం. సేంద్రియంలో బీటీ పనికిరాదు. మన దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బీటీనే. అంగట్లో బీటీ కాని మంచి విత్తనం దొరకడమే గగనం. దొరికినా, చుట్టూ బీటీ సేన్లున్నప్పుడు తేనెటీగలు మోసుకొచ్చే పుప్పొడి, జిన్నింగు మిల్లులో కలిసే గింజ, ఇవి మీ చేతిలో ఉండవు. పరీక్షలో బీటీ ఆనవాలు తేలితే మొత్తం లాటు పోతుంది.

నంద్యాల పరిశోధన స్థానం దేశవాళీ పత్తి మీద చాలాకాలంగా పనిచేస్తోంది. మా తాతల కాలంలో ఇక్కడి పత్తిని బొంబాయి వ్యాపారులు నార్తర్న్స్, వెస్టర్న్స్ అని పేరు పెట్టి కొనేవాళ్లు. ముంగారి (తొలకరి) పత్తి, హింగారి (వెనక వానల) పత్తి అన్న మాటలు ఆదోని పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తాయి. ఆ జాతులు పచ్చదోమను, ఎండను బాగా తట్టుకుంటాయి, విత్తనం ఇంట్లోనే దాచుకోవచ్చు. బీటీ హైబ్రిడ్ 475 గ్రాముల పొట్లం 2025లో 901 రూపాయలు, ఏటేటా కొనాల్సిందే. కానీ దేశవాళీ పింజ పొట్టిది, ఇప్పటి మిల్లులు అడిగేది పొడవుది. కొనేవాడు ముందే దొరికితే తప్ప ఎకరాల కొద్దీ వేయమని చెప్పలేను. అరెకరంలో విత్తనం బతికించుకోమని మాత్రం ప్రతి సంఘానికీ చెబుతాను.

పత్రం ఎవరి పేరున ఉంటుందో తప్పకుండా అడగండి. కొన్నిచోట్ల పత్రం వ్యాపారి పేరున ఉంటుంది. అప్పుడు అయిదేళ్లు కష్టపడ్డ రైతు వేరేవాళ్లకు సేంద్రియం పేరుతో అమ్ముకోలేడు. ఇంకొకటి, పత్రాల మీద నమ్మకం గట్టిగా దెబ్బతిన్న రంగం ఇది. 2020లో సేంద్రియ బట్టలకు ధ్రువీకరణ ఇచ్చే గాట్స్ సంస్థ, భారతదేశంలో నకిలీ పత్రాలతో 20,000 టన్నుల పత్తి సేంద్రియంగా చలామణి అయిందని తేల్చి 11 కంపెనీలను నిషేధించింది. నిజంగా మందు కొట్టని రైతుకు ఆ దెబ్బ ఎక్కువ తగిలింది.

సేంద్రియ పత్తి మామూలు పత్తి కంటే 91 శాతం తక్కువ నీరు వాడుతుందని మీకెవరైనా చెబితే, ఆగి అడగండి. 2014లో టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ చేయించిన అధ్యయనం నుంచి వచ్చిన అంకె అది. అందులో సేంద్రియ సేన్లు ఎక్కువగా వాన ఆధారం, పోల్చిన మామూలు సేన్లలో తడి కింద ఉన్నవి చాలా. అంటే తేడాలో పెద్ద భాగం వానది, సేంద్రియానిది కాదు. మెట్ట సేను మెట్ట సేనుతోనే, తడి సేను తడి సేనుతోనే పోల్చాలి.

ప్రకృతి సేద్యం

మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2015-16 నుంచి నడుపుతున్న కార్యక్రమం ఇది. 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకటి. దీనిలో పత్రం కంటే పద్ధతి ముఖ్యం. విత్తనానికి పట్టించే బీజామృతం, ఆవు పేడ, మూత్రం పులియబెట్టి నేలకు పోసే జీవామృతం, పురుగుకు కొట్టే వేపాకు ద్రావణం నీమాస్త్రం, పత్తి సాళ్ల మధ్య కంది, చుట్టూ జొన్న. అన్నిటికంటే నాకు నచ్చింది వానలకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లి, ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచాలన్న నియమం. దీన్ని కొలవడం చాలా సులువు. ఏడాదిలో మీ సేను ఎన్ని రోజులు పచ్చగా ఉంది? ఒట్టి పత్తి వేసి కట్టె పీకేసిన సేను ఆరేడు నెలలు. నవధాన్యాలు, పత్తి, కంది పెట్టిన సేను పది నెలలు దాటుతుంది. ప్రయోగశాల అక్కర్లేదు.

లోపమేమిటంటే పత్తి కొనేవాడికి దీనికోసం అదనంగా ఇవ్వాల్సిన కారణం ఇంకా లేదు. లాభం ఖర్చు తగ్గడంలోనే రావాలి. ఆవు లేని ఇంట్లో జీవామృతం అంటే ఆడవాళ్లకు ఇంకో పని పెరిగినట్టు. మా సంఘంలో ఆ గంటలు కూడా రాశాం. వారానికి ఇద్దరు ఆడవాళ్ల ఒక పూట పోతోందని తేలాకే, ఊరికి ఒకచోట కలిపి తయారుచేసి క్యానులతో పంచే ఏర్పాటు జరిగింది.

కార్బన్ లెక్కలు

ఈమధ్య ఊళ్లలోకి వస్తున్న కొత్త మాట ఇది. నేలలో కర్బనం పెంచితే డబ్బులిస్తామంటారు. ఫోనులోనో కంప్యూటరులోనో కూల్ ఫార్మ్ టూల్ వంటి లెక్కయంత్రాలున్నాయి. సరదాగా కాదు, నిజంగానే ఒకసారి వేసి చూడండి, మనం ఎక్కడ ఎక్కువ వదులుతున్నామో తెలుస్తుంది. ఉదాహరణకు 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. వాతావరణ మార్పులపై అంతర్జాతీయ సంఘం వాడే మోటు లెక్క ప్రకారం అందులో ఒక శాతం నైట్రస్ ఆక్సైడుగా గాలిలోకి పోతుంది. ఆ వాయువు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) కంటే 273 రెట్లు వేడి పెంచేది. నత్రజని నైట్రస్ ఆక్సైడుగా మారితే బరువు 28కి 44 వంతున పెరుగుతుంది, అదీ కలిపి గుణిస్తే బస్తాకు 89 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానం, యూరియా కరిగేటప్పుడు వచ్చే 33 కిలోలు కలిపితే 120 దాటుతుంది. ఫ్యాక్టరీలో తయారీకి అయింది వేరు. ఎకరాకు ఒక బస్తా తగ్గిస్తే మిగిలేది ఇది, జేబులో మిగిలే డబ్బు అదనం.

నేలలో కర్బనం పెంచి డబ్బు తీసుకోవడం మాత్రం వేరే సంగతి. పై 15 సెంటీమీటర్ల నేలలో కర్బనం 0.1 శాతం పెరిగితే ఎకరాకు సుమారు 850 కిలోలు. అది పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఒకే సేనులో రెండుచోట్ల తీసిన మట్టి మధ్యే అంత తేడా ఉండొచ్చు. కరువు వస్తే పెరిగింది తగ్గనూ వచ్చు. ఒప్పందం ఎన్నేళ్లు, ఈలోగా భూమి కౌలుకిస్తే ఏమవుతుంది, పరీక్ష ఖర్చు ఎవరిది, మధ్యలో దిగిపోతే ఏం కట్టాలి. ఇవి తెలుగులో రాసివ్వకపోతే సంతకం పెట్టొద్దు.

మరి ఎవరు ఏది ఎంచుకోవాలి

నాలుగైదు ఎకరాల మెట్ట, ఇంట్లో ఒకటో రెండో పశువులు, పత్తి ఆదోని యార్డుకే పోతుందనుకునేవాళ్లకు సొంత పుస్తకం, దానితోపాటు ప్రకృతి సేద్యం. పత్రాల జోలికి పోవద్దు. ఆ ఖర్చు, ఆ తిరుగుడు మీ ఎకరాలు మోయలేవు.

వందల మంది సభ్యులున్న రైతు సంఘం, దూది విడిగా పట్టించడానికి ఒప్పుకునే జిన్నింగు మిల్లు ఉంటే బెటర్ కాటన్ వంటి పథకం మంచిదే. మిల్లుతో మాట ఖాయం కాకముందు చేరితే శిక్షణ మిగులుతుంది, బేరం మిగలదు.

సేంద్రియ ధ్రువీకరణ నేను కొద్దిమందికే సూచిస్తాను. సేన్లన్నీ ఒకచోట కలిసి ఉండాలి, చుట్టూ కొండో బీడో చెరువో అడ్డుండాలి, కొనేవాడు మార్పిడి కాలంలోనే రాతపూర్వకంగా మాట ఇచ్చి ఉండాలి. పత్రం సంఘం పేరున ఉండాలి. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా ఆగండి.

బోరు రైతులు ఏ పథకం కంటే ముందు డ్రమ్ము పరీక్ష పెట్టుకోండి. మిగతావన్నీ తర్వాత. అందరూ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది: ఒక ఏడాది లెక్క చూసి సేను మీద తీర్పు చెప్పొద్దు. మా వైపు మూడేళ్లలో ఒకటి వాన తప్పేదే. మూడు ముంగార్లు రాస్తేగానీ ఏది సాగు గుణమో ఏది వాన గుణమో విడదీయలేం. అర్థం కాని చోట యెమ్మిగనూరు దగ్గర బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు. పుస్తకం పట్టుకుని వెళ్తే వాళ్లు చెప్పే సలహా కూడా మీ సేనుకు తగ్గట్టు ఉంటుంది.

పోయిన ఏడు మా సంఘం సమావేశంలో ఈ గడులన్నీ చదివి వినిపించాను. చివర్లో వెనక వరుసలో కూర్చున్న ఒకావిడ లేచి, "అన్నీ రాసినావు గానీ, మేం ఊళ్లో లేని దినాలు యాడ రాస్తావప్పా?" అంది. కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్లలో సంక్రాంతి దాటాక ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు తెంపడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోతారు. పిల్లలూ వెంటే పోతారు. ఎకరాకు ఎంత మిగిలిందని రాసిన నా పుస్తకంలో, ఆ మిగిలింది చాలక ఇల్లు వదిలిన రోజులకు చోటు లేదు.

అప్పటి నుంచి ప్రతి పుస్తకం చివరి పేజీలో ఆ గడి ఉంది. బయల్దేరిన తేదీ, తిరిగొచ్చిన తేదీ, ఎంతమంది వెళ్లారు, బడికి వెళ్లే పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, ఎన్ని రోజులు బడి పోయింది. ఈ పేజీ నింపేది నేను కాదు, మగవాళ్లూ కాదు. ఆ ఇంటి ఆడవాళ్లే ఉగాదికి తిరిగొచ్చాక చెప్పి రాయిస్తారు.